యోప్నో జనుల భాష

లిపి లేని జాతికి చరిత్ర లేదని మనలో పలువురి తలంపు. ఈ తలంపు ఎంత దుర్బలమో తెలిసికొనుటకు న్యూగినీ ద్వీపమునందలి యోప్నో జనుల భాషను చూచిన చాలును.

పపువా న్యూగినీ దేశమున 800లకు మించిన భాషలు గలవు. అందొకటియగు యోప్నోను ఫినిస్టెర్ పర్వతములలోని యొక లోయయందు కొన్నివేలమంది మాటలాడుదురు. ఆ భూభాగమును 1884లో జర్మనీయు, 1914లో ఆస్ట్రేలియాయు వశపరచుకొనినవి; 1975లో దేశము స్వతంత్రమయ్యెను. అంతకు పూర్వపు చరిత్రను ఈ కొండవారు వ్రాసియుంచుకొనలేదు. అయినను దాని జాడ వారి సంభాషణమునందు నిలిచియున్నది.

వారు గతమును చెప్పునపుడు ఏటివాలుగా క్రిందికిని, భవిష్యత్తును చెప్పునపుడు ఏటి పుట్టుకవైపు మీదికిని చేయి చూపుదురని 2012లో పరిశోధకులు ప్రకటించిరి. పూర్వులు సముద్రతీరమునుండి లోయ నెక్కి వచ్చుటయే దీనికి మూలము కావచ్చునని వారి యూహ. మనమును "ఇకమీదట" అనుచున్నాము గదా! రాబోవు కాలమును మీదనుంచు పలుకు మన నోటను గలదు. మనము దానిని గమనింపము.

వారి లెక్కయు విచిత్రమైనది. చేతివ్రేళ్లు, కాలివ్రేళ్లు ముగిసిన పిమ్మట చెవులు, కన్నులు, ముక్కు, నాభి మొదలగు అవయవములను ముట్టుచు వృద్ధులు 33 వరకు లెక్కింతురు. అచ్చట "ఒక మనుష్యుడు మృతుడయ్యె"నని లెక్క ముగియును. కొందరి వరుస మరియొక సంఖ్యతో ముగియుటయు గలదు.

1994లో ప్రకటితమైన పరిశోధనమును బట్టి ఈ లెక్క వృద్ధపురుషుల సొత్తు. స్త్రీలు పదుగురి యెదుట లెక్కించుట యాచారము కాదు. పడుచువారు బడిలో నేర్చిన లెక్కనే వాడుచుండిరి. బాలికకు గణితము నేర్పు బడిని మనము కాదనగలమా? కాదనరాదు. కాని ఆ బడిలో తాతగారి లెక్కకు చోటేల యుండరాదు? స్త్రీ నోరు కట్టు ఆచారము వేరు, పూర్వుల జ్ఞానమును మోయు భాష వేరు. చేట చెరుగు గృహిణికి పొల్లు పోవలెననియు గింజ నిలువవలెననియు ఒకరు చెప్పనక్కరలేదు. సంస్కరణమునకు పూనుకొను వారెల్లరును ఏ దేశమువారైనను ఆమెవద్ద ఈ విద్యను నేర్వవలసియున్నది.