కడితం నుండి యాప్ దాకా: రొళ్ల ప్రాంతపు బడి పనిముట్లు
బడిలో కొత్త సాంకేతికతపై వచ్చే వ్యతిరేకతను ఛాందసమని కొట్టివేయడం పరిపాటి. రొళ్ల ప్రాంతపు చరిత్ర ఆ నిర్ణయాన్ని బలపరచదు.

1882లో అనంతపురం జిల్లా ఏర్పడేదాకా ఈ ప్రాంతం బళ్లారి జిల్లాలోనిది. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 నాటి నివేదికలో 533 బడులను పేర్కొన్నాడు. పిల్లలు ఇసుకలో వేలితో దిద్ది, ఆపై తాటాకుపై గంటంతోనో, తుడిచి మళ్లీ వాడుకునే కడితంపై బలపంతోనో వ్రాసేవారు. ఆ పొదుపును అతడు మెచ్చుకున్నాడు. బడుల క్షీణతకు ప్రజల పేదరికమే కారణమన్నాడు.

2022 ఆగస్టులో ప్రభుత్వం ముఖ గుర్తింపు హాజరు యాప్‌ను రాష్ట్రమంతటి బడులలో ప్రవేశపెట్టింది. సొంత ఫోన్లలో దానిని వాడమనడాన్ని ఉపాధ్యాయ సంఘాలు వ్యతిరేకించాయి. పరికరాలను ప్రభుత్వమే ఇవ్వాలన్నాయి, వ్యక్తిగత సమాచార భద్రతను ప్రశ్నించాయి.

పనిముట్టు ఖర్చు ఎవరిది, దానిపై అదుపు ఎవరిది అన్నదే ఈ వ్యతిరేకతకు మూలం. కడితం మాత్రం తుడిచి మళ్లీ వాడుకునే పొదుపైన పనిముట్టు.