పరుగు మానిన కుక్క, ఇంట్లో ఉన్న పిల్లి

పోయిన రంజాన్ తర్వాత మెల్‌బోర్న్ నుంచి మా ఆపా కూతురు వీడియో కాల్ చేసింది. వాళ్ళింట్లో నాలుగేళ్ళుగా ఒక బిల్లీ ఉంది. ఇప్పుడు రేసుల్లో పరిగెత్తి రిటైరైన గ్రేహౌండ్ కుక్కను తెచ్చుకుందామని పిల్లలు జిద్ చేస్తున్నారట. "కుక్కను ఇంట్లో పెట్టుకోవచ్చా లేదా అన్న మసలా ఇక్కడి మౌలానా సాబ్‌ను అడుగుతాను మామూ. మిమ్మల్ని అడిగేది వేరే. కదిలే ప్రతిదాన్నీ తరమడం నేర్చిన జాన్వర్ మా పిల్లిని బతకనిస్తుందా? మీరు తారీఖ్ చదివినవాళ్ళు కదా, చెప్పండి" అంది.

నేను జంతువుల డాక్టరును కాను. కానీ ఈ సవాల్ కొత్తది కాదని మాత్రం తెలుసు. షికారుకు తయారుచేసిన జంతువును ఇంటి లోపలికి తెచ్చి, దానికి షికార్ కాగల ప్రాణి పక్కనే పడుకోబెట్టే ప్రయత్నం మనిషి ఎప్పటినుంచో చేస్తున్నాడు. ఫోన్‌లో రెండు నిమిషాల్లో చెప్పలేకపోయిన ఆ దాస్తాన్‌ను ఇక్కడ రాస్తున్నాను.

సలూకీ గుడారం, అబూ ఖతాదా గిన్నె

గ్రేహౌండ్‌కు దగ్గరి పోలికున్న కుక్క అరబ్బుల సలూకీ. రెండూ వాసన పట్టి కాదు, కంటితో చూసి తరిమే జాతులు. సన్నటి నడుము, లోతైన ఛాతీ, పొడుగాటి కాళ్ళు. బెదూయిన్లు సలూకీని మామూలు కుక్కలతో కలిపి 'కల్బ్' అనడానికి ఇష్టపడరు. 'అల్ హుర్ర్' అంటారు, అంటే ఖాన్‌దానీ అని. దానికి గుడారం లోపల చోటిస్తారు. కురాన్ ఐదో సూరా అల్ మాయిదా, నాలుగో ఆయతులో షికారీ జంతువులు పట్టి తెచ్చినదాన్ని తినడానికి ఇజాజత్ ఉంది. అయితే ఆ జంతువులకు మనిషి తాలీమ్ ఇచ్చి ఉండాలి.

పిల్లి సంగతి వేరు. హజ్రత్ అబూ హురైరా (రజి) కునియత్‌కే పిల్లిపిల్ల తండ్రి అని మాయినా. హజ్రత్ అబూ ఖతాదా (రజి) వుజూ చేసుకోబోతుంటే ఒక పిల్లి వచ్చింది. ఆయన గిన్నెను వంచి మరీ దాన్ని తాగనిచ్చారు. కోడలు కబ్షా హైరానుగా చూస్తుంటే, పిల్లి నజిస్ కాదనీ, అది మీ మధ్య తిరుగాడే ప్రాణి అనీ రసూలుల్లాహ్ (స) చెప్పిన మాట వినిపించారు. 13వ శతాబ్దపు మమ్లూక్ సుల్తాన్ బైబర్స్ కైరోలో పిల్లుల తిండి కోసం ఏకంగా ఒక తోటను రాసిచ్చాడని, 19వ శతాబ్దంలో అక్కడ నివసించిన ఎడ్వర్డ్ లేన్ రాశాడు.

కుక్క విషయంలో మన ఫుకహా ఒకే మాట మీద లేరు. మాలికీలు కుక్కను పాక్ అన్నారు, షాఫియీలు నజిస్ అన్నారు. హనఫీలు దాని లాలాజలాన్ని నజిస్ అన్నారు. కాబట్టి ఆ మసలాను ఆలిమ్‌లకే వదిలేద్దాం. తారీఖ్ చెప్పేదేమిటంటే, షికారీ కుక్కకు పని వల్ల చోటు దొరికింది. పిల్లి మాత్రం ఇంటి మనిషిలా తిరిగింది.

మన దక్కన్‌కూ ఈ జాతి కుక్కలు కొత్త కాదు. కర్ణాటకలోని ముధోల్ పేరున్న కుక్క, మహారాష్ట్రవైపు కారవాన్ అని పిలిచే కుక్క ఒకటే. వర్తకుల కాఫిలాల వెంట అటు మధ్య ఆసియా, ఇరాన్, అరబ్ దేశాల నుంచి వచ్చిన కుక్కల సంతానమని చెబుతారు. 2005లో తపాలా శాఖ ముధోల్, రాంపూర్ హౌండ్ల మీద స్టాంపులు కూడా వేసింది.

షైజర్ కోటలో చిరుత

నా భాంజీ సవాల్‌కు అతి దగ్గరి జవాబు నాకు 12వ శతాబ్దపు సిరియాలో దొరికింది. అది కుక్క గురించి కాదు, షికారీ చిరుత గురించి.

ఒరోంటిస్ నది ఒడ్డున షైజర్ కోట ఉంది. అక్కడి అమీర్ల ఖాన్‌దాన్‌లో 1095లో పుట్టినవాడు ఉసామా ఇబ్న్ మున్‌ఖిజ్. సలీబీ యుద్ధాలు చూసి, తొంభై ఏళ్ళు దాటి బతికి, ముసలితనంలో 'కితాబుల్ ఇతిబార్' అనే జ్ఞాపకాల పుస్తకం చెప్పి రాయించాడు. ఆయన వాలిద్‌కు రెండు పనులంటే ప్రాణం. ఒకటి కురాన్‌ను చేత్తో రాయడం, రెండోది షికార్.

ఆ వాలిద్ దగ్గర ఒక చిరుత ఉండేది. బయట మైదానంలో దాన్ని మించిన షికారీ లేదు. ఇంట్లో దాని ఖిద్మత్‌కు ప్రత్యేకంగా ఒక స్త్రీని పెట్టారు. ఆవరణలో ఒక పక్కన ఎండుగడ్డి పరిచి, దాని మీద మఖ్మల్ పరుపు వేసేవారు. షికార్ నుంచి వచ్చాక దాన్ని గుమ్మం దగ్గర వదిలితే, తనంతట తానే లోపలికి వెళ్ళి తన చోట పడుకునేది. అదే ఆవరణలో ఇరవై దాకా జింకలు, మేకలు, ఆ ఇంట్లోనే పుట్టిన పిల్లలు తిరుగుతుండేవి. చిరుత వాటిని తరిమేది కాదు, బెదిరించేది కాదు. ఒకరోజు అది మఖ్మల్‌ను తడిపేస్తే ఆ స్త్రీ దాన్ని పట్టి ఊపి కొట్టినా అది గుర్రుమనలేదట.

ఈ కిస్సా చెప్పేవాళ్ళు చాలామంది ఇక్కడితో ఆపేసి సుబ్‌హానల్లాహ్ అంటారు. కానీ ఉసామా ఇంకో మాట కూడా చెప్పాడు. ఆ పరుపు పక్కన గోడకు ఒక ఇనుప కొక్కెం ఉండేది. చిరుత పడుకోగానే ఆ స్త్రీ వచ్చి దాన్ని ఆ కొక్కానికి కట్టేసేది. అంటే ఆ ఇంట్లో భరోసా ఉంది, దానితోపాటు కట్టుతాడూ ఉంది. రోజూ చూసుకునే ఒక మనిషి ఉంది, దానికంటూ ఒక చోటు ఉంది. ఆ అమన్ చిరుత ఫిత్రత్ మారిపోవడం వల్ల రాలేదు, ఇంటివాళ్ళ ఇంతెజాం వల్ల వచ్చింది. గుమ్మం దాటితే అది మళ్ళీ జింకలను పట్టే చిరుతే.

కుందేలు బొమ్మ వెనక

ఇక గ్రేహౌండ్. ఇంగ్లండులో దొరలు రెండేసి కుక్కలను బతికున్న కుందేలు వెనక వదిలి పందేలు కాసేవారు. అందులో పేరుమోసిన వాటర్లూ కప్ 1836లో మొదలైంది. 1876లో లండన్ దగ్గర హెండన్‌లో యంత్రంతో లాగే కుందేలు బొమ్మను ప్రయత్నించారు, నిలవలేదు. అమెరికాలో ఓవెన్ పాట్రిక్ స్మిత్ అనే ఆయన బతికున్న కుందేళ్ళ చావు చూడలేక యంత్రం మీద పట్టుదలగా పనిచేశాడని చెబుతారు. 1919లో కాలిఫోర్నియాలోని ఎమరీవిల్‌లో ఆయన ట్రాక్ తెరిచాడు. 1926 జులై 24న మాంచెస్టర్‌లోని బెల్ వ్యూలో బ్రిటన్‌లో మొదటి రేసు జరిగితే 1,700 మంది దాకా వచ్చారు. మరుసటి ఏడాదికే ఆట ఐర్లండ్‌కు, సిడ్నీకి పాకింది.

కుందేలుకు రహమ్ దొరికింది. కుక్కకు దొరకలేదు. పందెం డబ్బు పెరిగేకొద్దీ వేల కుక్కలను పుట్టించారు. గ్రేహౌండ్ పదేళ్ళు, పన్నెండేళ్ళు బతుకుతుంది. రేసుల్లో పనికొచ్చేది మూడేళ్ళకో ఐదేళ్ళకో అయిపోతుంది. మిగతా ఉమర్ ఎవరి జిమ్మేదారీ? 1929, 1930లలో వరుసగా ఇంగ్లిష్ డెర్బీ గెలిచిన మిక్ ద మిల్లర్ చనిపోతే దాన్ని మ్యూజియంలో నిలబెట్టి దాచారు. ఓడిన కుక్కలకు అలాంటి నసీబు లేదు. 2006లో ఇంగ్లండ్ ఉత్తరాన సీహమ్ అనే ఊళ్ళో ఒకే చోట పదిహేనేళ్ళలో పదివేల దాకా రేసు కుక్కలను చంపి పూడ్చారని పత్రికలో వచ్చింది. జనం నిలదీశారు. ఫ్లోరిడాలో 2018లో ఓటు పెడితే దాదాపు 69 శాతం మంది రేసులు వద్దన్నారు, 2020 ఆఖరుకు అక్కడ అవి ఆగిపోయాయి. న్యూజిలాండ్ కూడా రేసులు మూసేస్తామని 2024 డిసెంబరులో ప్రకటించింది.

ఈ కుక్కలను ఇళ్ళకు పంపే పని బ్రిటన్‌లో 1970లలోనే ట్రస్టు పెట్టి మొదలుపెట్టారు. అప్పటినుంచి ఇలాంటి చోట్లన్నిటా మొదట అడిగే సవాల్ ఇదే: ఇంట్లో పిల్లి ఉందా? ఉందంటే కుక్కకు పరీక్ష పెడతారు. మూతికి జాలీ, మెడకు పట్టా వేసి, కుక్కలకు అలవాటుపడిన నిదానమైన పిల్లి ముందుకు తెస్తారు. పేరు పెట్టి పిలిస్తే కళ్ళు తిప్పుతుందా, లేక ఒళ్ళు బిగబట్టి, వణుకుతూ, పిల్లినే చూస్తుందా? మొదటి రకానికి ఉమ్మీద్ ఉంది. రెండో రకాన్ని పిల్లి లేని ఇంటికి పంపుతారు.

పరీక్ష గెలిచిన కుక్కకూ ఇంట్లో షైజర్ ఇంతెజామే కావాలి. మొదటి వారాల్లో జాలీ, పట్టా తీయకూడదు. ఆ రెంటినీ ఒంటరిగా ఒక గదిలో వదలకూడదు. పిల్లికి ఎక్కి కూర్చునే ఎత్తైన చోటు, కుక్క దూరలేని గది ఉండాలి. తిండి వేరువేరుగా పెట్టాలి. భయం కుక్కకూ ఉంటుంది. షెడ్డుల్లో పెరిగిన జంతువు మెట్లు, అద్దపు తలుపులు చూసి ఉండదు. దాని చర్మం పల్చన, పిల్లి గోరు తగిలితే చీరుకుపోతుంది. నిద్రలో తాకితే ఉలిక్కిపడి కరవవచ్చు, పిల్లలకు ముందే చెప్పాలి. ఇంట్లో పిల్లి పక్కనే పడుకున్న కుక్క, పెరట్లో అదే పిల్లి పరిగెత్తితే తరమవచ్చు. అందుకే పెరట్లోకి రెంటినీ కలిపి వదలరు.

ఇదంతా చెప్పి నా భాంజీకి ఒక మాట అన్నాను. "బేటీ, కుక్క మీద తరస్ మంచిదే. కానీ ఆ ఇంట్లో మొదటి హక్కు నాలుగేళ్ళుగా ఉన్న పిల్లిది. దాన్ని భయంలో పెట్టి ఇంకో జాన్వర్‌కు చేసే మేలు మేలు కాదు. కుక్క పరీక్ష తప్పితే పిల్లలు ఏడ్చినా తేవద్దు."

నెల తర్వాత మళ్ళీ ఫోన్ వచ్చింది. మౌలానా సాబ్ ఏమన్నారో అది వాళ్ళింటి సంగతి. వాళ్ళు చూసిన మొదటి కుక్క పిల్లిని చూడగానే బిగుసుకుపోయిందట. చిన్నవాడు రెండు రోజులు అలిగాడట. ఆ కుక్కను పిల్లి లేని ఒక ముసలి దంపతుల ఇంటికి పంపారు. ఇంకో కుక్కను చూపిస్తామన్నారని, అప్పటిదాకా సబర్ చేస్తామని చెప్పింది. ఆమె మాట్లాడుతున్నంతసేపూ పిల్లి సోఫా మీద పడుకునే ఉంది.