చేయి వణికితే పార్కిన్సన్సేనా? డోపమైన్ స్కాన్ ఏం చెబుతుందంటే..

చేతులు వణికితే చాలు, పార్కిన్సన్స్ అని చాలామంది భయపడిపోతారు. అన్ని వణుకులూ అదే జబ్బు కాదు. పరీక్షించాక కూడా అనుమానం తీరకపోతే డాక్టర్లు డోపమైన్ స్కాన్ రాస్తారు. అమెరికా ఎఫ్‌డీఏ 2011లో డాట్‌స్కాన్‌కు అనుమతిచ్చింది దీని కోసమే.

ముందుగా నరంలోకి కొద్దిగా రేడియోధార్మిక మందు ఎక్కిస్తారు. మెదడులోని స్ట్రయాటమ్ భాగంలో ఉండే డోపమైన్ నరాల చివర్లకు అది అతుక్కుంటుంది. కొన్ని గంటల తర్వాత స్పెక్ట్ కెమెరాతో స్కాన్ తీస్తారు. ఆరోగ్యవంతుల్లో రెండువైపులా కామా గుర్తులా వెలుగు కనిపిస్తుంది. పార్కిన్సన్స్ లాంటి జబ్బుల్లో ఆ కామా తోక చెరిగిపోయి చుక్క మాత్రమే మిగులుతుంది. ఎసెన్షియల్ ట్రెమర్ అనే మామూలు వణుకులో బొమ్మ మారదు.

అయితే నార్మల్ అంటే ఎంత? చిక్కంతా ఇక్కడే ఉంది. యూరప్‌లో 139 మంది ఆరోగ్యవంతులకు స్కాన్ చేసి 2013లో లెక్క తేల్చారు. పదేళ్లకోసారి ఈ వెలుగు సుమారు 5.5 శాతం తగ్గుతోంది, మహిళల్లో కాస్త ఎక్కువగా ఉంటోంది. జపాన్ వాళ్లు ఆ లెక్కతో సరిపెట్టుకోలేదు, తమ దేశస్తులతో వేరే డేటాబేస్ తయారు చేసుకున్నారు. మంచి పని! డెబ్బై ఏళ్ల పెద్దాయన స్కాన్‌ను నలభై ఏళ్ల వాళ్లతో పోలిస్తే లేని జబ్బు ఉన్నట్టు కనిపించొచ్చు.

రిపోర్టులో అంకెలు ఉంటే ఏ వయసు, ఏ దేశం వాళ్లతో పోల్చారో డాక్టర్‌ని అడగండి. వాడుతున్న మందులన్నీ స్కాన్‌కు ముందే చెప్పండి. బుప్రోపియాన్ లాంటివి ఫలితాన్ని మార్చేస్తాయి. సొంతంగా మాత్రం ఏ మందూ ఆపొద్దు.