విషాదమునకు ఔషధము

హైదరాబాదునుండి విజయవాడకు పోవు రాజమార్గముమీద సూర్యాపేట, కోదాడ కలవు. వానికి దక్షిణముగా, బియ్యపు మిల్లులకు పేరుపడిన మిర్యాలగూడ కలదు. 2016 వరకు ఈ మూడును నల్లగొండ జిల్లాలోనివే. ఆ యేట మొదటి రెండును క్రొత్తగా నేర్పడిన సూర్యాపేట జిల్లాలో చేరినవి. ఈ ప్రాంతమున నొక గృహస్థు వారములతరబడి అన్నము సహింపక, నిద్రపట్టక, పనిమీద మనసు నిలువక మూల గూర్చుండెనేని, గాలి సోకినదని తాయెత్తు కట్టించువారు నేటికిని కలరు. వారిని పరిహసింపబనిలేదు. డెబ్బదియైదేండ్ల క్రిందట వైద్యులయొద్దను ఈ వ్యాధికి నమ్మదగిన మాత్ర లేకుండెను. ఆ మాత్ర యెట్లు వచ్చెనో తెలిసికొనుట మనకు ప్రయోజనకరము.

ఈ కథలో మన దేశపు మొక్క యొకటి కలదు. అది సర్పగంధ. దాని వేరు రక్తపుపోటును తగ్గించుననియు, ఉన్మాదమును శమింపజేయుననియు 1931లో కలకత్తా వైద్యులు గణనాథ సేన్, కార్తికచంద్ర బోసు ప్రకటించిరి. 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు ఆ వేరునుండి రిసర్పిన్ అను సారమును వేరుపరచిరి. రక్తపుపోటుకై దానిని సేవించినవారిలో కొందరు కారణము లేకయే దిగులులో మునిగిరి. 1955లో అమెరికా పరిశోధకులు ఈ మందు మెదడులోని సెరటోనిన్ అను పదార్థమును హరించుచున్నదని కనుగొనిరి. మందు దిగులును తెచ్చినచో, దిగులును పోగొట్టు మందును ఉండవలదా యను ప్రశ్న పుట్టెను.

దానికి జవాబు క్షయరోగుల యాసుపత్రిలో దొరకెను. 1952లో న్యూయార్కు నగరమున క్షయకు ఇప్రోనియజిడ్ ఇచ్చి చూచినప్పుడు, మంచమునబడియున్న రోగులు ఉత్సాహముతో తిరుగజొచ్చిరి. పిమ్మట 1957లో స్విస్ వైద్యుడు రోలాండ్ కూన్ ఇమిప్రమిన్ విషాదరోగులకు గుణమిచ్చుచున్నదని ప్రకటించెను.

ఈ మందుల పని సాగరు ఎడమకాలువ క్రింద వ్యవసాయము చేయువారికి సులభముగా బోధపడును. మెదడులో ఒక నాడీకణము సెరటోనిన్ వంటి పదార్థమును విడుచును. ప్రక్క కణము దానిని గ్రహించును. మిగిలినదానిని మొదటి కణము మరల పీల్చుకొనును. ఇమిప్రమిన్ ఆ పీల్చుకొనుదారిని మూసివేయును. మడిగట్టున గండి పూడ్చినట్లే నీరు కొంతసేపు నిలుచును. ఇప్రోనియజిడ్ మార్గము వేరు. ఆ పదార్థమును నశింపజేయు ఎంజైమును అది అడ్డగించును.

అయితే ఇచట నొక చిక్కు కలదు. గండి గంటలలోనే పూడును. మనసు తేరుకొనుటకు సాధారణముగా రెండునుండి నాలుగు వారములు పట్టును. కావున సెరటోనిన్ కొరతయే విషాదమునకు మూలమని చెప్పుటకు వీలులేదు. వాన కురిసిన నాడే పైరు లేవదు గదా! ఆ నడిమి వారములలో మెదడు తన్ను తాను సర్దుకొనునని శాస్త్రజ్ఞుల ఊహ.

విషాదము, అతిహుషారు మార్చిమార్చి వచ్చు ద్విధ్రువవ్యాధి కథ వేరు. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ లిథియమ్ లవణము ఉద్రేకమును చల్లార్చునని ప్రకటించెను. ఉప్పువంటి ఈ సామాన్య పదార్థము నేటికిని ముఖ్యౌషధమే. కాని దాని మేలునకును కీడునకును నడుమ దూరము స్వల్పము. రక్తమున లీటరుకు 0.6 నుండి 1.0 మిల్లీమోలు వరకు ఉండుట మేలు, 1.5 మించిన విషమగును. దేహమున ఉప్పును నీరును తగ్గినప్పుడు మూత్రపిండములు లిథియమును వెలికి విడువక పట్టియుంచును. వైశాఖపు టెండలో మిల్లుకళ్లమున వడ్లు ఎండబోయువాడు, వాంతివిరేచనములు పట్టినవాడు, వైద్యునడుగక నొప్పిమాత్రలు మ్రింగువాడు ఈ సంగతి మరువరాదు. చేతులు బలముగా వణకుట, మాట తడబడుట, నడక తూలుట కనబడినచో తక్షణమే వైద్యుని చేరవలెను.

1987లో అమెరికాలో అనుమతి పొందిన ఫ్లుయాక్సెటిన్ ప్రధానముగా సెరటోనిన్ దారినే మూయును. పాతమందులకంటె ప్రమాదము తక్కువ. ఇచట మన తెలుగువారి పాలు కలదు. హైదరాబాదు ఐ.డి.పి.ఎల్.లో పనిచేసి, 1984లో సొంత సంస్థను నెలకొల్పిన గుంటూరుజిల్లా రైతుబిడ్డ కల్లం అంజిరెడ్డిగారి డాక్టర్ రెడ్డీస్, 2001 ఆగస్టులో ఈ మందు 40 మిల్లీగ్రాముల గుళికలను అమెరికాలో విడుదలచేసి, 180 దినముల ప్రత్యేక విక్రయాధికారమును పొందెను. అట్టి యధికారము భారతీయ సంస్థకు దక్కుట అదియే ప్రథమము.

మందు చేయుట నేర్చిన జాతి, మందు వాడుటయు నేర్వవలదా? మొదటి వారమున గుణము కానరాలేదని మానరాదు. గుణము కనబడినదని తటాలున ఆపరాదు. ద్విధ్రువవ్యాధి కలవారికి విషాదపు మాత్ర యొక్కటియే ఇచ్చినచో ఉద్రేకము లేవవచ్చును గనుక, పూర్వమెన్నడైన అతిహుషారు కలిగినదా యను విషయము వైద్యునికి దాచక చెప్పవలెను. సూర్యాపేటలోను, నల్లగొండలోను 2019లో ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. 2022లో ఆరంభమైన టెలి మానస్ 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో తెలుగులోనే సలహా లభించును.

తాయెత్తు కట్టించిన తల్లి చేయి ప్రేమతోనే కట్టినది. ఆ చేయియే బిడ్డను వైద్యునియొద్దకును నడిపించినచో, ఈ డెబ్బదియైదేండ్ల పరిశ్రమ మన గడపదాక వచ్చినట్లగును.