గాయపు మచ్చయు, మేదోధాతువును

సప్తధాతువులలో మేదస్సు నాలుగవది. రక్తమాంసములకు గల గౌరవము దానికి లోకమున లేదు. ఒకనిని క్రొవ్వెక్కినవాడనుట తిట్టే కాని మెప్పు గాదు. వైద్యులును చిరకాలము చర్మము క్రింది క్రొవ్వును చలికి బొంతగాను, కరవునకు గాదెగాను మాత్రమే యెంచిరి. ఆ గాదెలోని కణములే గాయము మానుటలోను, మచ్చ గట్టిపడుటలోను పాలుగొనుచున్నవని తెలిసిన వృత్తాంతమును నేడు మీకు విన్నవింతును.

మచ్చను గూర్చిన విచారము చాల ప్రాతది. సుశ్రుతసంహిత చికిత్సాస్థానము మొదటి యధ్యాయమున వ్రణమునకు అరువది యుపక్రమములు చెప్పబడినవి. పల్లముపడిన వ్రణమును పూడ్చుట, మిట్టగా పెరిగినదానిని అణచుట, మానిన పిదప తెల్లబడిన చోట నలుపు తెప్పించుట, అచ్చట మరల వెండ్రుకలు మొలిపించుట గూడ అందున్నవి. ఈ కడపటిదానికి రోమసంజననమని పేరు. దానితో మనకు ముందు పని పడును.

ఐరోపాలో 1753వ సంవత్సరమున నేపుల్స్ నగరపు వైద్యుడు కార్లో కుర్జియో ఒక విచిత్రరోగమును వర్ణించెను. పదునేడేండ్ల బాలిక చర్మమంతయు బిగిసి గట్టిపడెను. అవయవములు కదల్చుటయే కష్టమయ్యెను. ఆయన పాలతో స్నానములు చేయించి, కొద్దికొద్దిగా పాదరసము నిచ్చెను. ఆ జాతి రోగమునే నేడు స్క్లీరోడెర్మా యందురు. ఈ రోగుల వ్రేళ్లు ముడువరావు, నోరు చాలినంత తెరువరాదు. కొందరికి ఊపిరితిత్తులును బిగియును. 1806లో పారిస్‌లో అలిబేరు అను వైద్యుడు మరియొక వికారమును వర్ణించెను. గాయపు హద్దు దాటి ప్రక్కలకు ప్రాకు మచ్చ యది. ఎండ్రకాయ డెక్కను బోలియుండుటచే తరువాత దానికి కీలాయిడు అను పేరు వచ్చినది. చెవులు కుట్టించినచోట గుండువలె పెరుగు కాయను మీలో పెక్కురు చూచియుందురు. అది ఈ జాతిదే.

1893లో జర్మనీదేశపు శస్త్రవైద్యుడు గుస్తావు నోయిబరు, ఒక యువకుని కంటిక్రింద గుంటపడిన మచ్చను పూడ్చుటకు అతని చేతినుండియే క్రొవ్వు తీసి అందుంచెను. ఆయన దృష్టిలో అది గుంట నింపు మట్టివంటిదే యని నా తలంపు. మట్టికి ప్రాణమున్నదని తెలియుటకు నూరేండ్లకు పైగా పట్టినది.

1971లో జెనీవాలో గబ్బియానీ ప్రభృతులు, గాయమున నారపోగులు నేయు కణములు కొన్ని కండరమువలె బిగియగలవని కనుగొనిరి. మయోఫైబ్రోబ్లాస్టులను నీ కణములు, సంచి మూతిత్రాటిని లాగినట్లు, గాయపు అంచులను దగ్గరకు లాగును. పని ముగియగనే ఇవి తొలగిపోయినచో మేలు. తొలగక నేయుచునే యున్నచో చర్మము చెక్కయగును. అయితే ఇవి యెచ్చటినుండి వచ్చుచున్నవి?

2015లో చికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయము వారు ఎలుకలలో క్రొవ్వు కణముల వంశమునకు గురుతు పెట్టి, చర్మము గట్టిపడునట్లు మందు నెక్కించి కనిపెట్టియుండిరి. మొదట క్రొవ్వు లక్షణములు పోయినవి. పిదప చర్మము బిగిసినది. ఆ బిగిసిన చోట గురుతుగల కణములే మయోఫైబ్రోబ్లాస్టులై కనబడినవి. స్క్లీరోడెర్మా రోగుల చర్మములో క్రొవ్వు పొర తరుగునని వైద్యులెరుగుదురు. అది రోగఫలమే యనుకొన్నది, రోగమునకు మొదలును కావచ్చునని అప్పుడు తోచినది.

ఇంతమాత్రమున క్రొవ్వును దోషిగా నిలుపుట న్యాయము గాదు. 2013లో యేల్ విశ్వవిద్యాలయము వారు క్రొవ్వు కణములు లేని ఎలుకలకు గాయము చేసి చూడగా, నేతకణములు సరిగా వచ్చి చేరలేదు. దెబ్బ తగిలినపుడు క్రొవ్వు కణములు తమ నిలువను కరగించి విడుచుననియు, దానివలన గాయమును శుభ్రపరచు కణములు వచ్చుననియు 2020లో వారే చూపిరి. కావున ఆ కణములు లేకున్న గాయము సరిగా మానదు. రూపుమారి అట్లే నిలిచిపోయినచో చర్మము బిగియును.

2017లో కాలిఫోర్నియా, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయముల వారు దీనికి ఎదురుదారి గూడ కనుగొనిరి. ఎలుకల పెద్దగాయముల నడుమ క్రొత్త వెండ్రుకలు మొలిచినవి. ఆ వెండ్రుకల కుదుళ్లనుండి వెలువడిన సంకేతమువలన మయోఫైబ్రోబ్లాస్టులే క్రొవ్వు కణములుగా మారినవి. వెండ్రుకలు లేనిచోట మారలేదు. రోమసంజననమను మాట నాకప్పుడు జ్ఞప్తికి వచ్చినది. మన పూర్వులు సర్వము నెరిగిరని చెప్పుకొనుటకు గాదు. వారు కోరినది జుట్టు, దాని వెనుక క్రొవ్వు వచ్చునని వారెరుగరు.

ఇది విని కాలిన గాయములకు నెయ్యియో, వెన్నయో పూయబోకుడు. పైన పూసిన జిడ్డు వేరు, లోపలి సజీవకణము వేరు. కాలిన వెంటనే చల్లని నీటిధార క్రింద ఇరువది నిమిషము లుంచుటయే మచ్చను తగ్గించు తొలిమెట్టు.

2007లో ఇటలీలోని వెరోనా వైద్యులు, కిరణచికిత్సచే చెడిన చర్మము క్రింద రోగి క్రొవ్వునే శుద్ధిచేసి యెక్కించగా మేలు కలిగెనని ప్రకటించిరి. మనుష్యుని పెద్దగాయపు మచ్చపై ఎలుకకు వలె వెండ్రుకలు వాటంతట మొలువవు. అయినను కీలాయిడునుండి తీసిన మానవకణములును, పాత్రలో ఆ సంకేతము నందించినపుడు, క్రొవ్వు కణములుగా మారినవి. వెండ్రుక లేకయే ఆ కబురును రోగి మచ్చలోనికి చేర్చు టెట్లన్నదే ఇప్పటి పరిశోధకుల ముందున్న పని.