నీటిమీది కాపురము

యాట్ అను మాట వినినంతనే మనవారికి తోచునది ధనవంతుల విలాసము. ఆ భావమునకు చరిత్రలో ఆధారము లేకపోలేదు. 1660లో ఇంగ్లండు సింహాసనమునకు మరలివచ్చిన రెండవ చార్లెసునకు ఆమ్‌స్టర్‌డామ్ నగరము ‘మేరీ’ అను చిన్న నౌకను కానుకగా నిచ్చెను. మరుసటి యేట రాజును, అతని తమ్ముడును థేమ్స్ నదిపై గ్రీన్విచ్ నుండి గ్రేవ్సెండ్ వఱకు పందెము వేసికొని తమతమ నౌకలను నడపిరి. యాట్‌కు రాజవిహారమను పేరు అప్పటినుండియే స్థిరపడినది. కాని మహాసముద్రములు దాటి, అన్యదేశపు రేవులలో లంగరు దించి, మాసములును సంవత్సరములును ఆ పడవయే ఇల్లుగా బ్రతుకు వాడుక ఈ రాజవిహారము నుండి పుట్టినది కాదని నా నిశ్చయము. యజమానుడు తన చేతులతో పలక చెక్కి, సందు పూడ్చి, రంగు పూసి, తన పడవను తానే కాపాడుకొనుట నేర్చిన నాడు ఆ వాడుక పుట్టినది.

ఈ రెండు మార్గములకు గల భేదము పందొమ్మిదవ శతాబ్దపు చివరి పాదమున స్పష్టముగా కానవచ్చును. 1876లో ఆంగ్లేయ ధనవంతులగు బ్రాసీ దంపతులు తమ బిడ్డలతోడను, స్నేహితులతోడను, నావికులు మొదలైన పరివారముతోడను నలుబదిమందికి పైగా ‘సన్‌బీమ్’ అను నౌకనెక్కి భూప్రదక్షిణమునకు బయలుదేరిరి. ఆనా బ్రాసీ వ్రాసిన యాత్రాగ్రంథము 1878లో వెలువడి మిక్కిలి ఆదరణ పొందినది. ఆమె సూక్ష్మదృష్టి గలది, సముద్రమును మనసార ప్రేమించినది. 1887లో అదే నౌకపై జ్వరపీడితయై మరణించి, సముద్రగర్భముననే సమాధి పొందెను. అయినను సన్‌బీమ్‌లో నీరు కారుచో చూచుకొనుటకు పనివారు వేరుగా నుండిరి.

కప్తానును వడ్రంగియు తానొక్కడే యైన వాడు జాషువా స్లోకమ్. 1844లో నోవాస్కోషియాలో జన్మించి, తెరచాపల ఓడలలో పెరిగి పెద్దవాడై, బ్రెజిల్ తీరమున తన ఓడ నాశనము కాగా భార్యతోను ఇద్దరు కుమారులతోను పరదేశమున చిక్కువడి, ఆ తీరముననే స్వయముగా నొక పడవను నిర్మించి, బ్రెజిల్‌లో బానిసలకు విముక్తి కలిగిన 1888 మే 13వ తేదీనాడే దానిని నీటిలోనికి దింపి, ‘లిబర్‌డాడే’ యని పేరిడి, సంసారమంతటితో అమెరికా చేరుకొన్న ధీరుడతడు. కొన్నియేండ్లకు ఫెయిర్‌హేవెన్ గ్రామమున నొక మిత్రుడు, పొలములో గుడ్డ కప్పి యుంచిన శిథిలనౌక నొకదానిని అతనికి దానమిచ్చెను. స్లోకమ్ 13 నెలలు శ్రమించి, 553 డాలర్ల 62 సెంట్లు వ్యయపరచి, పాత కొయ్యల స్థానమున క్రొత్తవి చేర్చుచు 36 అడుగుల 9 అంగుళముల ‘స్ప్రే’ను సిద్ధపరచెను. 1895 ఏప్రిల్ 24న బోస్టన్ నుండి ఒంటరిగా వెడలి, 46,000 మైళ్లు నడచి, 1898 జూన్ 27న న్యూపోర్ట్ చేరిన ఆ నౌకయందలి ఏకైక మానవునికి భూమిని ఒంటరిగా చుట్టివచ్చిన మొదటివాడను కీర్తి దక్కెను. అతని గడియారము ముఖము పగిలి చౌకగా దొరికిన డాలరు రేకు గడియారము. అది నిలిచిపోయినప్పుడు నీట నుడికించి మరల నడపించుకొనెనట! టాస్మేనియాలోని డెవన్‌పోర్ట్ రేవున స్ప్రేను గట్టుకు లాగించి, అడుగుభాగమున కొయ్య తొలుచు పురుగు చేరినదేమో యని పలక పలకయు పరీక్షించి, చేరలేదని తెలిసికొని, రాగి కలిపిన రంగు మరల పూసి నీటిలోనికి దింపెను. ఆ యాత్రలో తుపానుల ఘట్టములకంటె ఈ ఘట్టమే నాకు ముఖ్యముగా తోచును.

ఆ పురుగు కథ కొంత వివరింపదగినది. నిజమునకది పురుగు కాదు, గుల్లల జాతికి చెందిన ప్రాణి. వెచ్చని సముద్రములలో పైకి గుర్తు తెలియనీయకుండ పలకను లోలోపల డొల్ల చేయును. దానిని నివారించుటకై బ్రిటిష్ నౌకాదళమువారు 1761లో ‘అలారమ్’ అను యుద్ధనౌక అడుగున రాగిరేకులు తాపించిరి. పురుగు రాలేదు, గుల్లలును పట్టలేదు. కాని ఉప్పునీటిలో రాగికి తాకియున్న యినుప మేకులు తినివేయబడి, నౌకకే ప్రమాదము వాటిల్లెను. రెండు లోహములు ఉప్పునీట కలిసినచో విద్యుత్ప్రవాహము పుట్టి, అందొకటి మరియొకదాని కొఱకు క్షయించునని తరువాత తెలిసినది. 1824లో రసాయనశాస్త్రజ్ఞుడగు హంఫ్రీ డేవీ ఈ సూత్రము నాధారముగా గొని, రాగిరేకుకు చిన్న యినుపముక్కనో జింకుముక్కనో తగిలించి రాగిని క్షయము నుండి కాపాడెను. రాగి నిలిచినది గాని, రాగి కరగనిచో దాని విషము నీటిలో చేరదు గనుక గుల్లలు మరల పట్టినవి! నేటి యాట్లలో పంకా ఇరుసు నంటి యుండు జింకుదిమ్మ డేవీ సూత్రము ననుసరించినదే. అది తాను కరగిపోయి ఇరుసును రక్షించును, తరచుగా ఏడాదికొకసారి మార్చవలయును. ఆధునికులు రాగికంటె తీక్ష్ణమైన ట్రైబ్యూటైల్ టిన్ అను విషమును రంగులలో కలిపిరి. ఫ్రాన్సులోని ఆర్కషోన్ అఖాతమున ముత్యపుచిప్పల జాతి గుల్లలు వికృతరూపములు దాల్చి, వాటిని పెంచువారి జీవనము దెబ్బతినగా, 1982లో ఆ దేశము చిన్న పడవలకు ఆ రంగును నిషేధించెను; ప్రపంచవ్యాప్తమైన నిషేధము 2008లో అమలులోనికి వచ్చినది. తన యింటి అడుగును శుభ్రముగా నుంచుకొనుటకై పొరుగు తీరపు నీటిని విషము చేయుట తగదని నావికులు నేర్చిన పాఠమిది.

స్లోకమ్ ఒంటరివాడు. ఈ జీవనమును దాంపత్యజీవనముగా తీర్చిన యశస్సు ఆంగ్లేయులైన ఎరిక్, సూసన్ హిస్కాక్ దంపతులది. 1952లో నిర్మితమైన 30 అడుగుల ‘వాండరర్ 3’లో వారు మూడేండ్లు భూప్రదక్షిణము చేసి 1955లో మరలివచ్చిరి, 1959లో మరల బయలుదేరిరి. ఎరిక్ వ్రాసిన గ్రంథములలో సాహసవర్ణనము స్వల్పము. లంగరు గొలుసు ఎంత లావుండవలెను, తెరచాప కుట్లు ఎక్కడ ఒరయును, త్రాగునీరెట్లు నిలువచేయవలెను అను విషయములే అందు ప్రధానము. ఉప్పుగాలి నిత్యమును ఇనుమును, గుడ్డను, కొయ్యను తినుచుండగా, ఆ క్షయమునకు ఒక అడుగు ముందుండుటయే నీటిమీది గృహస్థధర్మమని ఆ దంపతులు తమ జీవితముతో చూపిరి.

ఈ నీటిమీది యిల్లు చట్టమునకు వెలుపలిది కాదు. పరదేశపు రేవున ప్రవేశించు పడవ, తనలో అంటువ్యాధి లేదనియు ప్రవేశానుమతి కోరుచున్నాననియు తెలుపు పసుపుపచ్చ జెండా నెత్తును. అనుమతి లభించిన పిదప ఆ దేశపు జెండాను గౌరవసూచకముగా నెగురవేయును. ఐరోపా యూనియనుకు వెలుపలి పడవ సుంకము లేకుండ అచ్చట పదునెనిమిది నెలలుండవచ్చును గాని, అందలి పరదేశీయునకు సాధారణముగా నూటయెనుబది దినములలో తొంబది దినములే అనుమతి. పడవకొక చట్టము, పడవలోని మనిషికొక చట్టము!

పడవను కట్టి కాపాడుకొను విద్య మనవారికి క్రొత్తది కాదు. గోదావరీ ముఖమునందలి కోరంగి రేవు ఒకప్పుడు నౌకానిర్మాణమునకును, మరమ్మతులకును ప్రసిద్ధి కెక్కినది. ఇటీవల గోవాలో నిర్మితమైన 55 అడుగుల ‘తారిణి’లో 2017 సెప్టెంబరు మొదలు 2018 మే వఱకు భూప్రదక్షిణము చేసిన భారత నౌకాదళపు ఆరుగురు మహిళలలో విశాఖపట్టణపు పాతర్లపల్లి స్వాతియు, హైదరాబాదు బొడ్డపాటి ఐశ్వర్యయు మన ఆడపడుచులే. తిరుగు ప్రయాణమున చుక్కాని యంత్రము చెడగా వారు మారిషస్‌లోని పోర్ట్ లూయీ రేవున ఆగి, దానిని బాగుచేయించుకొని ముందునకు సాగిరి.

అంతకు చాల ముందే మన దేశపు టేకుకలపతో, మన బొంబాయి వడ్రంగుల చేతులలో రూపొందిన 32 అడుగుల ‘సుహైలీ’ చరిత్రకెక్కినది. ఆగకుండ ఒంటరిగా భూమిని చుట్టు పందెమున 1968 జూన్ 14న ఫాల్మత్ రేవు నుండి దానిని నడపుకొనిపోయిన రాబిన్ నాక్స్-జాన్‌స్టన్, అట్లాంటిక్‌లో నీరు విశేషముగా కారుట గమనించి, తానే నీట మునిగి చూడగా అడుగుపలకల సందు విచ్చియుండెను. ఊపిరి బిగబట్టి సందులో నూలు కూరబోయిన ప్రయత్నము ఫలింపలేదు. అప్పుడతడు నూలును గుడ్డపట్టీకి కుట్టి, తారు పూసి, రాగి మేకులు గుచ్చి సిద్ధము చేసికొని, మునిగి మునిగి దానిని సందుపై కొట్టి, రేడియో అమర్చినవారు వదలిపోయిన రాగిరేకును దానిపై తాపెను. నడుమ విశ్రాంతికై పైకి వచ్చినప్పుడు పడవ చుట్టు తిరుగుచున్న సొరచేపను తుపాకితో కాల్చి, మరల నీట దిగి పని పూర్తిచేసెను. తొమ్మిదిమంది బయలుదేరిన ఆ పందెమున 1969 ఏప్రిల్ 22న గమ్యము చేరినవాడతడొక్కడే.

సుహైలీని తరువాత గ్రీన్విచ్‌లోని జాతీయ నౌకావస్తుప్రదర్శనశాలలో నిలిపిరి. అచ్చటి పొడిగాలికి దాని పలకలు కుదించుకొనిపోవుట చూచి, యజమానియైన నాక్స్-జాన్‌స్టన్ 2002లో దానిని వెలుపలికి తెచ్చి, సంవత్సరముల తరబడి తానును శ్రమించి బాగుచేసి, 2016లో మరల నీట దింపెను. 2018 జూన్ 14న, యాత్రకు ఏబదియేండ్లు నిండిన దినమున, ఆ బొంబాయి టేకుపడవ ఫాల్మత్ రేవున తన తెరచాపలతో తేలుచునే యుండెను.