ఇది కట్టు కథే కానీ కట్టుకథ కాదు

నాన్నగారికి యాంజియోగ్రామ్ చేసి బయటికి తీసుకొచ్చినప్పుడు మణికట్టుకి ఓ ప్లాస్టిక్ బ్యాండ్ ఉంది. "సిస్టర్, ఇంకాస్త బిగించండి, రక్తం కారుతుందేమో" అన్నాను. ఆవిడ నవ్వి, బిగించకపోగా కొంచెం వదులు చేసింది! అదేంటో అర్థంకాక ఇంటికొచ్చి చదవడం మొదలెట్టా.

గట్టిగా కట్టడమే జాగ్రత్త అనుకోవడం పాత జబ్బే. 1881లో జర్మనీ సర్జన్ రిచర్డ్ ఫాన్ ఫోక్‌మన్, విరిగిన చేతికి కట్టు మరీ బిగిస్తే రక్తం అందక కండరాలు చచ్చి వేళ్లు కొంకర్లు పోతాయని రాశాడు.

ముంజేతిలో రెండు పెద్ద ధమనులుంటాయి. బొటనవేలి వైపు రేడియల్, చిటికెనవేలి వైపు అల్నార్. చాలామందికి అరచేతిలో ఇవి కలుస్తాయి. మన భాషలో రిడండెన్సీ అన్నమాట. ఒకటి డౌనైతే రెండోది లోడ్ తీసుకుంటుంది. ధమనిని నొక్కిపెట్టి, అరచేతి రంగుని బట్టి రెండోదాని సంగతి తేల్చే పరీక్షని 1929లో మేయో క్లినిక్ డాక్టర్ ఎడ్గార్ అలెన్ చెప్పాడు.

1989లో మాంట్రియల్ డాక్టర్ లూసియన్ కాంపో రేడియల్ గుండా చేసిన యాంజియోగ్రామ్‌ల ఫలితాలు ప్రచురించాడు. తొడ దగ్గర గుచ్చడం కన్నా ఇందులో రక్తస్రావం తక్కువ. కాకపోతే ట్యూబు తీశాక బ్యాండ్ మరీ బిగిస్తే లోపల రక్తం గడ్డకట్టి ధమని మూసుకుపోవచ్చు. తమాషా ఏంటంటే, సాధారణంగా పేషెంటుకి ఏమీ తెలీదు, బ్యాకప్ ఉందిగా! పక్కా సైలెంట్ ఫెయిల్యూర్. రేపు మళ్లీ యాంజియోగ్రామ్‌కో, బైపాస్‌కో, డయాలసిస్ ఫిస్టులాకో ఆ ధమని కావాల్సొస్తే అప్పుడు బయటపడుతుంది.

దీనికి మందు 2008లో ప్రచురించిన ప్రాఫెట్ అనే అధ్యయనంలో దొరికింది. మొత్తం 436 మంది. సగం మందికి మామూలుగా బిగించారు. మిగతావాళ్లకి వేలికి ఆక్సీమీటర్ తగిలించి, అల్నార్‌ని నొక్కిపట్టి, తెరమీద నాడి అల కనిపించేదాకా బ్యాండ్ వదులు చేశారు. అంటే రక్తం బయటికి రాకూడదు, లోపల ఆగకూడదు. నెల తర్వాత చూస్తే ధమని మూసుకుపోయినవాళ్లు మొదటి గుంపులో 7 శాతం, రెండో గుంపులో 1.8 శాతం.

మర్నాడు డాక్టరుగారు నాన్న అల్నార్‌ని నొక్కి ఆక్సీమీటర్ చూశారు. అల వచ్చింది, నాకూ ఊపిరొచ్చింది. నాడి చేతికి తగిలినంత మాత్రాన నమ్మకూడదట, పక్కదారిన వచ్చిన రక్తంతో కూడా కొట్టుకోవచ్చు. పింగ్ వచ్చింది కదాని సర్వర్ బాగున్నట్టు కాదుగా!

మీ ఇంట్లో ఎవరికైనా చేయిస్తే, డిశ్చార్జికి ముందు "ధమని తెరిచే ఉందా?" అని ఒక్కమాట అడగండి. బ్యాండ్ జోలికి మాత్రం మీరు వెళ్లకండి, నాలాగా సలహాలూ ఇవ్వకండి.